వీధి గేటుకు కొత్త కన్ను, గోడలో పాత తీగ

మన ఊళ్లలో ఒకప్పుడు ఇంటికి వచ్చినవారికి తలుపు తట్టవలసిన అవసరమే ఉండేది కాదు. పగలంతా వీధి తలుపు తెరిచే ఉండేది. వచ్చినవారు అరుగు దగ్గర చెప్పులు విడిచి కాస్త గొంతు సవరించుకుంటే చాలు, లోపలి నుంచి "ఎవరదీ?" అన్న పలకరింపు వినవచ్చేది. కాలం మారింది. అరుగులు పోయి ప్రహరీలు వచ్చాయి. ప్రహరీలకు ఇనుప గేట్లు వచ్చాయి. గేటు స్తంభం మీదకు కాలింగ్ బెల్ మీట వచ్చింది. ఇప్పుడు ఆ మీట స్థానంలో ఒక కన్ను వచ్చి కూర్చుంటున్నది. దానినే వీడియో డోర్‌బెల్ అంటున్నాం. మీట నొక్కినవారి రూపం ఇంటివారి ఫోనులో కనబడుతుంది. ఇంటివారు పెరట్లో ఉన్నా, నైట్ షిఫ్టులో ఉన్నా, ఖండాంతరాలలో ఉన్నా వచ్చినవారితో మాట్లాడవచ్చు.

షిఫ్టు డ్యూటీలతో కాలం గడిపే మన కుటుంబాలకు ఇది ఎంతో ఉపయోగకరమైన సాధనం. వృద్ధులైన తల్లిదండ్రులను సొంత ఊళ్లో ఉంచి, ఉద్యోగరీత్యా దూరాన ఉంటున్నవారికి మరింత ఉపయోగకరం. అయితే ఈ వ్యాసం ఉద్దేశం ఆ సాధనాన్ని ప్రశంసించడం కాదు. దానిని గోడకు బిగించే వేళ దాని వెనుక ఉండే రెండు తీగల గురించి నాలుగు మాటలు చెప్పడం. విద్యుత్ నిర్వహణ విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన నేను ఆ రెండు తీగల విషయంలో చేయబోయిన పొరపాటును తోటి ఉద్యోగుల ముందు దాచకుండా ఒప్పుకోవడం కూడా ఇందులో ఒక భాగం.

రెండు తీగలు, రెండు మరలు

మా అమ్మగారు తెనాలిలో మా పాత ఇంట్లో ఉంటారు. వయసు ఎనభై దాటింది. గేటుకూ గుమ్మానికీ మధ్య ఇరవై మీటర్ల దూరం. గంట మోగిన ప్రతిసారీ గేటు దాకా నడవడం ఆమెకు కష్టంగా ఉన్నదని తెలిసి, డాలస్‌లో ఉంటున్న మా అమ్మాయి కిందటి వానాకాలంలో ఒక వీడియో డోర్‌బెల్ కొని పంపింది. నేను సెలవు పెట్టి ఊరికి వెళ్లి, ఒక ఆదివారం ఉదయం స్క్రూడ్రైవరుతో గేటు స్తంభం దగ్గర నిలబడ్డాను. పాత మీట మూత ఊడదీశాను. లోపల రెండు తీగలు. కొత్త డోర్‌బెల్ వెనుక చూస్తే రెండు మరలు. ఫోనులో అమ్మాయి ధైర్యం చెబుతున్నది. "అంతే నాన్నా, ఆ రెండు వైర్లు ఈ రెండు స్క్రూలకు బిగించడమే. ఇక్కడ మా ఇంట్లో మేమే పెట్టుకున్నాం. పావుగంట పని."

కర్మాగారంలో పర్మిట్ చేతికి రానిదే ప్యానెల్ తలుపు తెరవని వాణ్ని. సరఫరా ఆపి, తాళం వేసి, ట్యాగు తగిలించి, మీటరు పెట్టి చూసి గానీ తీగ ముట్టవద్దని ఎందరో అప్రెంటిస్‌లకు బోధించినవాణ్ని. ఆ వేళ మెయిన్ స్విచ్చు ఆపాలన్న ఆలోచన కూడా రాలేదు. కాలింగ్ బెల్ అంటే మనకు అంత చిన్నచూపు!

అప్పుడే పనికి వచ్చిన ఆవిడ గేటు దగ్గర ఆగింది. మా ఇంట పాతికేళ్లుగా పనిచేస్తున్న మనిషి. "ఆ బెల్లు జోలికి పోకండి బాబుగారూ, షాకు కొడతది" అన్నది.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"రెండేళ్ల నుంచీ అంతే. వాన పడితే మరీ గుంజుద్ది. అందుకే నేను గొళ్లెం కొడతాను."

ఆమె బెల్లు నొక్కకుండా గొళ్లెం మోగించడం మేమందరం చూస్తూనే ఉన్నాం. "ఎన్నిసార్లు చెప్పినా బెల్లు నొక్కదు, మొండిది" అని మా అమ్మగారు విసుక్కోవడం కూడా విన్నాను. ఆమె ఎందుకు నొక్కదో ఎవరమూ అడగలేదు. పాలు పోసే అతను కూడా గేటు బయటి నుంచి కేక వేసేవాడే తప్ప మీట మీద వేలు పెట్టేవాడు కాదని తరువాత తెలిసింది.

స్క్రూడ్రైవరు కింద పెట్టి, లోపలికి వెళ్లి మీటరు తెచ్చి చూశాను. రెండు తీగల మధ్య 231 వోల్టులు. మీట మూతకు ఒక మూల పగులు. లోపల తడి, తుప్పు, చీమలు చేర్చిన మట్టి. ఆ డోర్‌బెల్ మీద ముద్రించి ఉన్నది మాత్రం 16 నుంచి 24 వోల్టులు.

గంట నడిచిన దారి

అమెరికా ఇంట్లో పావుగంట పని, మన ఇంట్లో ప్రాణాల మీదకు వచ్చే పని ఎందుకైందో తెలియాలంటే గంట చరిత్రను కొంత తలచుకోవాలి. 1831లో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ ఆల్బనీ నగరంలో మైలుకు పైగా పొడవున్న తీగ గుండా విద్యుత్తు పంపి, విద్యుదయస్కాంతం సాయంతో అవతలి కొసన గంట మోగించాడు. ఆ కాలంలో ఇంటింటికీ విద్యుత్ సరఫరా లేదు. తొలినాటి విద్యుత్ గంటలు బ్యాటరీల మీదనే మోగాయి. గంట అంటే అల్పవోల్టేజి పరికరం అన్న అలవాటు ఆ దేశాలలో అలా ఏర్పడింది. సరఫరా లైను ఇంటికి వచ్చిన తరువాత కూడా వారు గంటకు నేరుగా లైను ఇవ్వలేదు. మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజిని తగ్గించుకున్నారు. అమెరికా ఇళ్లలో సాధారణంగా 16 వోల్టులు, ఇంగ్లండులో 8 వోల్టులు వాడుకలోకి వచ్చాయి.

వీడియో కన్ను కూడా నిన్న మొన్నటి ఊహ కాదు. న్యూయార్కులో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేవారు. వేళ కాని వేళల్లో ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు చప్పుడైతే ఆమెకు భయం వేసేది. ఎలక్ట్రానిక్స్ తెలిసిన భర్త ఆల్బర్ట్ బ్రౌన్‌తో కలిసి ఆమె ఒక ఏర్పాటును రూపొందించారు. తలుపుకు నాలుగు కంతలు, వాటి వెంట జరిగే కెమెరా, పడకగదిలో తెర, బయటివారితో మాట్లాడే మైకు, లోపలి నుంచే గడియ తీసే మీట అందులో ఉన్నాయి. 1966లో దరఖాస్తు చేయగా 1969 డిసెంబరు 2న దానికి పేటెంటు లభించింది. ఇల్లు గడుపుకోవడానికి ఉద్యోగం చేస్తూ, ఆ ఇంట్లోనే ఒంటరితనానికి జంకిన ఒక మహిళ అవసరం నుంచి ఈ సాధనం పుట్టిందన్న సంగతి గుర్తుంచుకోదగినది.

మన గోడలో ఉన్నది ఏమిటి?

మన దేశంలో గంటకు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే ఆచారం స్థిరపడలేదు. ఫ్యానుకూ దీపానికీ ఇచ్చినట్లే కాలింగ్ బెల్‌కు కూడా నేరుగా 230 వోల్టులు ఇచ్చేస్తాం. ఫేజు తీగ మీట దగ్గరకు వెళ్తుంది. మీట నుంచి మరొక తీగ ఇంట్లోని గంటకు వస్తుంది. గంట రెండవ కొస న్యూట్రల్‌కు కలుస్తుంది. అంటే గేటు స్తంభం మీద, ఎండకూ వానకూ గురయ్యే చోట, ఎవరెవరో వచ్చి వేలు పెట్టే మీట వెనుక, రాత్రింబవళ్లు పూర్తి వోల్టేజి నిలిచి ఉంటుంది. దాని మీద చెయ్యి వేసేవారు తరచు చెప్పులు లేనివారు, తడి చేతులవారు, పిల్లలు.

తడిసిన శరీరం నిరోధాన్ని సుమారు 1,500 ఓములు అనుకుంటే, 230 వోల్టుల వద్ద దాని గుండా 150 మిల్లీ ఆంపియర్లకు పైగా ప్రవహించగలదు. మన ఇళ్లలో ప్రాణరక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేలా తయారవుతుందంటే ఆ అంకె ఎంత ప్రమాదకరమో ఊహించవచ్చు. పొడిచోట్ల 50 వోల్టులు, తడిచోట్ల 25 వోల్టులు దాటిన ఏసీ విద్యుత్తు మనిషికి తగలరాదన్నది అంతర్జాతీయంగా పాటించే హద్దు. డోర్‌బెల్ తయారీదారులు అడిగే 16 నుంచి 24 వోల్టులు ఈ హద్దుకు లోబడినవే.

ఇప్పుడు పొరపాటు ఎలా జరుగుతుందో చూడండి. విదేశాలలో చిత్రీకరించిన వీడియోలు చూసి మనవారు డోర్‌బెల్ అమర్చుకుంటున్నారు. ఆ వీడియోలో మీట వెనుక రెండు తీగలు కనబడతాయి. మన మీట వెనుక కూడా రెండే తీగలు. చూపుకు భేదం లేదు. అక్కడ 16 వోల్టులు, ఇక్కడ 230. బిగించి స్విచ్చు వేస్తే గంట చుట్ట గుండా హెచ్చు వోల్టేజి డోర్‌బెల్ లోపలికి చేరుతుంది. లోపలి భాగాలు పగిలిపోవడం చిన్న నష్టం. దానిని పట్టి ఉంచే లోహపు పట్టీకీ మరలకూ ఫేజు తగలడం పెద్ద నష్టం. ఆ నష్టం వస్తువు కొన్నవారికి కాక, గేటు బయట నిలబడినవారికి జరుగుతుంది.

మరి కొందరు అమెరికా నుంచి డోర్‌బెల్‌తో పాటు అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ కూడా తెప్పించుకుంటారు. అక్కడి ఇళ్లలో గంట ట్రాన్స్‌ఫార్మరుకు అందే సరఫరా 120 వోల్టులు. ఆ లెక్కన చుట్టిన ట్రాన్స్‌ఫార్మరును మన 230 వోల్టులకు కలిపితే అది వేడెక్కి కాలిపోతుంది. డోర్‌బెల్ మాత్రం 50, 60 హెర్ట్‌జ్ రెండింటికీ పనికివస్తుందని దాని మీద రాసి ఉంటే ఆ విషయంలో చింత లేదు.

అమర్చే విధానం

ముందుగా ఒక మాట. ఇంటి వైరింగులో మార్పులు లైసెన్సు గల ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేతనే చేయించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో జారీ చేసిన భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. కంపెనీ క్వార్టర్లలో ఉన్నవారు టౌన్‌షిప్ విద్యుత్ విభాగం అనుమతి లేకుండా గోడలోని తీగలను కదపరాదు. కింద చెప్పే విషయాలు మీరే చేయడానికి కాదు. చేసేవారు సరిగా చేస్తున్నారో లేదో దగ్గర నిలబడి చూసుకోవడానికి.

ఒకటి: మెయిన్ స్విచ్చు ఆపి, మరెవరూ వేయకుండా చూడాలి. సాధారణ టెస్టరు దీపాన్ని నమ్మరాదు. వెలగవలసినప్పుడు వెలగకపోవడం, వెలగరానప్పుడు మినుకుమనడం దానికి అలవాటు. మల్టీమీటరును హెచ్చు ఏసీ శ్రేణిలో పెట్టి, ముందు సరఫరా ఉన్న ప్లగ్గులో చూసి, తరువాత మీట తీగలను చూసి, మళ్లీ ప్లగ్గులో చూడాలి. మీటరే పాడై సున్నా చూపడం లేదని అప్పుడే నిర్ధారణ అవుతుంది.

రెండు: మీటకూ గంటకూ పోతున్న 230 వోల్టుల సరఫరాను మూలం వద్దనే విడదీయాలి. టేపు చుట్టి గోడలో వదిలేయడం కాదు, కొసలను కనెక్టరులో బిగించి మూతపెట్టెలో ఉంచాలి. పాత 230 వోల్టుల గంటను పూర్తిగా తీసివేయాలి.

మూడు: ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి లోపల, డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర, మూసిన పెట్టెలో ఉండాలి. దాని ప్రైమరీ, సెకండరీ చుట్టలు విడివిడిగా ఉండే రకమే కావాలి. రెండింటికీ ఒకే చుట్ట ఉండే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ పనికిరాదు. అందులో లోపం వస్తే పూర్తి వోల్టేజి గేటు దాకా నడిచి వెళ్తుంది.

నాలుగు: డోర్‌బెల్ మీద 16 నుంచి 24 వోల్టులు అని ఉన్నంత మాత్రాన 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొనరాదు. రాత్రివేళ మన సరఫరా 250 వోల్టులకు చేరిందనుకోండి, 24 కాస్తా 26 అవుతుంది. పైగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు తక్కువగా ఉన్నప్పుడు రాసి ఉన్నదానికంటే పది, పదిహేను శాతం ఎక్కువ ఇస్తాయి. 18 వోల్టులది తీసుకుంటే ఈ రెండు పెరుగుదలలూ కలిసినా 22 లేదా 23 వోల్టుల దగ్గర ఆగుతుంది. నేను వాడినది 18 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 36 వోల్ట్ ఆంపియర్ల సామర్థ్యం గలది. డోర్‌బెల్ పత్రంలో కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అని రాసి ఉంటుందో చూసి ఎంచుకోవాలి.

ఐదు: ట్రాన్స్‌ఫార్మర్ సరఫరా వైపు తగిన ఎంసీబీ, సెకండరీ వైపు 2 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఇంటి మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ సందర్భంలోనే పెట్టించుకోవడం మంచిది. దాని మీది టెస్టు మీటను అప్పుడప్పుడు నొక్కి చూడాలి.

ఆరు: గేటు దాకా వేసే తీగ మందం దూరాన్ని బట్టి ఉండాలి. మా ఇంట్లో దూరం 20 మీటర్లు. పోనూ రానూ 40 మీటర్ల రాగి తీగ. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న తీగ వేస్తే దాని నిరోధం ఒకటిన్నర ఓములు. 0.6 ఆంపియర్లు ప్రవహించే వేళ దారిలోనే సుమారు ఒక వోల్టు పోతుంది. చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే ఆ నష్టం సగమవుతుంది. రాత్రి కెమెరా పరారుణ దీపాలు వెలిగినప్పుడు డోర్‌బెల్ ఆగిపోయి మళ్లీ మొదలవుతున్నదంటే ఈ సన్న తీగనే ముందుగా అనుమానించాలి.

ఏడు: మన ఇళ్లలో గేటు దీపానికీ గంటకూ తీగలు ఒకే పైపులో పోతుంటాయి. కొత్త అల్పవోల్టేజి తీగకు వేరే పైపు వేయించడమే క్షేమం. ఒకే పైపులో ఉంచితే, ఏ ఎలుకో కొరికి రెండూ తాకిననాడు మనం పడిన శ్రమ అంతా వృథా అవుతుంది.

ఎనిమిది: ఇంట్లో గంట మోగడానికి రెండు మార్గాలున్నాయి. అల్పవోల్టేజి గంటను ట్రాన్స్‌ఫార్మర్, డోర్‌బెల్‌తో వరుసగా కలపడం ఒకటి. డోర్‌బెల్ తనకు నిత్యం కావలసిన కొద్దిపాటి విద్యుత్తును ఆ గంట చుట్ట గుండానే తీసుకుంటుంది. మీట నొక్కగానే ఎక్కువ విద్యుత్తును పోనిస్తుంది, గంట మోగుతుంది. నొక్కకుండానే గంట సన్నగా రొద చేస్తుంటే తయారీదారు ఇచ్చే బైపాస్ భాగాన్ని గంట కొసల మధ్య కలపాలి. గంట లేకుండా నేరుగా ట్రాన్స్‌ఫార్మరుకు కలపాలంటే కొన్ని మోడళ్లకు మధ్యలో నిర్ణీత నిరోధకం తప్పనిసరి. అది లేకపోతే మీట నొక్కిన క్షణాన సెకండరీ షార్టు అవుతుంది. పత్రం చదవకుండా ఈ పని చేయరాదు. ప్లగ్గులో గుచ్చి వాడే తీగలేని గంట రెండవ మార్గం. వినికిడి తగ్గినవారి పడకగదిలో పెట్టుకోవడానికి అది అనువుగా ఉంటుంది.

ఈ ఏర్పాటు నిత్యం నాలుగు వాట్లు తీసుకున్నా ఏడాదికి సుమారు 35 యూనిట్లు అవుతుంది. భారమైన ఖర్చు కాదు.

తీగ లాగలేని ఇళ్లకు

అపార్టుమెంట్లలోనూ క్వార్టర్లలోనూ గోడలు కదపడం సాధ్యం కాదు. అటువంటి చోట బ్యాటరీతో నడిచే డోర్‌బెల్ మేలు. పాత మీట తీగలకు దీనిని కలపరాదు. ఆ మీటను దాని మానాన ఉంచడమో, సరఫరా తొలగించి మూసివేయడమో చేయాలి. బ్యాటరీని ఎప్పటికప్పుడు తీసి చార్జి చేసే ఓపిక ఇంట్లో ఎవరికో ఒకరికి ఉండాలి. వృద్ధులు మాత్రమే ఉండే ఇంట్లో ఈ పని నాలుగు నెలలు సాగి ఐదో నెలలో ఆగిపోతుందన్నది నా అనుభవం.

బ్యాటరీ రకాన్ని బిగించేటప్పుడు డబ్బాలో ఇచ్చిన మరలనే వాడాలి. 2020 నవంబరులో అమెరికాలో ఒక ప్రసిద్ధ సంస్థ తన డోర్‌బెల్స్ సుమారు 3,50,000 విషయంలో రీకాల్ ప్రకటించవలసి వచ్చింది. బిగింపులో ఒక మరకు బదులు మరొక మర వాడినప్పుడు అది బ్యాటరీని దెబ్బతీసి నిప్పు పుట్టించే ప్రమాదం ఉన్నట్లు తేలింది. మన ఇళ్లలో పెట్టె అడుగున దొరికిన ఏదో ఒక మరతో పని ముగించే అలవాటు ఎంత బలమైనదో మనకు తెలియనిది కాదు.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారు గేటు స్తంభం దాకా ఒక ఖాళీ పైపు వేయించి ఉంచితే మూడవ మార్గం దొరుకుతుంది. కంప్యూటరు నెట్‌వర్కుకు వాడే ఒకే కేబుల్ గుండా డోర్‌బెల్‌కు విద్యుత్తూ, దృశ్య సమాచారమూ రెండూ నడుస్తాయి. అందులో పోయేది దాదాపు 48 వోల్టుల డీసీ. 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. వై-ఫై అందుతుందా లేదా అన్న బెంగ ఉండదు. ఇందుకు తగిన డోర్‌బెల్‌నే ఎంచుకోవాలి.

ఎండ, వాన, కరెంటు కోత

గేటు పడమటి ముఖంగా ఉంటే ఎండ సంగతి ఆలోచించాలి. సాధారణంగా ఈ పరికరాలు 50 డిగ్రీల దాకా తట్టుకుంటాయని రాసి ఉంటుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం నేరుగా ఎండ తగిలే నల్లని పరికరం ఆ హద్దును అవలీలగా దాటుతుంది. పైన చిన్న చూరు కట్టించడం అవసరం. అది వానకూ అడ్డు. ఐపీ 65 గుర్తు ఉన్న పరికరం దుమ్మును లోపలికి రానివ్వదు, చిమ్మే నీటిని తట్టుకుంటుంది. అయినా గోడకూ పరికరానికీ మధ్య సందును పైనా పక్కలా సీలెంటుతో మూసి, కింది భాగాన్ని వదిలివేయాలి. లోపల చేరిన తేమ దిగిపోవడానికి దారి కావాలి. తీగ కూడా కింది నుంచి పైకి వంపు తిరిగి లోపలికి వెళ్లాలి. అప్పుడు నీటిచుక్క వంపు దగ్గరే జారిపోతుంది.

కొనడానికి ముందే గేటు దగ్గర నిలబడి ఫోనులో ఇంటి వై-ఫై మీద ఒక వీడియో కాల్ చేసి చూడండి. అక్కడ మాట తెగిపోతుంటే డోర్‌బెల్ కూడా అంతే. కాంక్రీటు గోడలూ ఇనుప గేట్లూ సంకేతాన్ని హరిస్తాయి. 5 గిగాహెర్ట్‌జ్ కంటే 2.4 గిగాహెర్ట్‌జ్ సంకేతం గోడలు దాటి దూరం పోతుంది.

కరెంటు పోయినప్పుడు డోర్‌బెల్‌కు బ్యాటరీ ఉన్నా రౌటరు ఆగిపోతే ఫోనుకు ఏమీ చేరదు. కనుక రౌటరునూ, డోర్‌బెల్ ట్రాన్స్‌ఫార్మరునూ ఇన్వర్టరు లైను మీద పెట్టించుకోవాలి. ఆ ఇన్వర్టరు సైన్ వేవ్ రకమైతే మంచిది. స్క్వేర్ వేవ్ రకం మీద ట్రాన్స్‌ఫార్మర్ రొద చేస్తుంది, వేడెక్కుతుంది.

ఎదురింటి గుమ్మం

మన గుమ్మానికి కన్ను పెట్టుకున్నప్పుడు ఎదురింటి గుమ్మం సంగతి కూడా ఆలోచించాలి. క్వార్టర్లలో తలుపులు ఎదురెదురుగా ఉంటాయి. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వ్యక్తులు తమ సొంత, గృహావసరాలకు వాడుకునే సమాచారానికి వర్తించదు. కానీ గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఇంగ్లండులో 2021లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఒక ఇంటి కెమెరాలు, డోర్‌బెల్ పొరుగువారి మాటలను దూరం నుంచి కూడా గ్రహించడాన్ని తప్పుపట్టింది. కెమెరా చూపును మన గడప మేరకు కుదించుకునే ఏర్పాటు చాలా పరికరాలలో ఉంటుంది. దానిని వాడుకోవాలి. పొరుగువారికి ఒక మాట ముందుగా చెప్పడం చట్టాల కంటే పాత మర్యాద.

దృశ్యాలు సంస్థ సర్వర్లలో చేరతాయన్నది మరువరాదు. ఒక పేరొందిన డోర్‌బెల్ సంస్థ తన సిబ్బంది వినియోగదారుల దృశ్యాలను చూడకుండా కట్టడి చేయలేదన్న ఆరోపణపై 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 58 లక్షల డాలర్ల పరిష్కారానికి అంగీకరించవలసి వచ్చింది. బలమైన సంకేతపదం, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవడం మన చేతిలో ఉన్న పని.

మళ్లీ మా గేటు దగ్గరకు

ఆ ఆదివారం చేయబోయిన పావుగంట పని మరుసటి ఆదివారానికి గానీ పూర్తి కాలేదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి పాత సరఫరా తొలగించాడు. కొత్త పైపు, కొత్త తీగ, ట్రాన్స్‌ఫార్మర్ అమర్చాడు. గేటు దగ్గర మీటరు పెడితే 19 వోల్టులు చూపింది. అమ్మాయి డాలస్ నుంచి తన బామ్మతో మాట్లాడి మురిసిపోయింది. మా అమ్మగారు ఫోను తెర మీద గేటు చూసి, "ఇదేమిట్రా, వీధి ఇంట్లోకి వచ్చింది" అన్నారు.

మరునాడు ఉదయం వాన జల్లు పడుతున్నది. పనికి వచ్చిన ఆవిడ అలవాటు ప్రకారం గొళ్లెం మీద చెయ్యి వేసి, కొత్త మీటను చూసి ఆగింది. "ఇప్పుడు నొక్కొచ్చా బాబుగారూ?" అన్నది. నేను తడిచేతితో నొక్కి చూపాను. తరువాత ఆమె నొక్కింది. రెండేళ్ల తరువాత మా ఇంటి గంటను ఆమె మోగించడం అదే మొదటిసారి.

కర్మాగారంలో ఒక చిన్న షాకు తగిలినా మనం దానిని ప్రమాదం తప్పిన సంఘటనగా నమోదు చేస్తాం, విచారిస్తాం, సరిచేస్తాం. మా గేటు దగ్గర రెండు సంవత్సరాల పాటు అటువంటి సంఘటనలు జరుగుతూ వచ్చాయి. నమోదు చేయవలసిన మనిషికి మమ్మల్ని అడిగే చనువు లేదు. అడగవలసిన మాకు ఆ ఆలోచన లేదు. ఆ రోజు ఆమె నోరు తెరిచి చెప్పకపోతే నేను ఆ 231 వోల్టుల మీదనే కొత్త డోర్‌బెల్ బిగించి, పని బాగా చేశానన్న తృప్తితో డ్యూటీకి తిరిగి వచ్చి ఉండేవాణ్ని.

మిత్రులారా, వీడియో డోర్‌బెల్ కొంటారో లేదో మీ ఇష్టం. కెమెరా లేకపోయినా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్, అల్పవోల్టేజి గంట పెట్టుకుంటే గేటు మీట క్షేమకరమవుతుంది. ఈ వారాంతంలో మీ ఇంటి గేటు దగ్గరకు వెళ్లి ఆ పాత మీటను ఒకసారి పరిశీలించండి. మూత పగిలిందా, తడి చేరిందా చూడండి. అంతకు ముందు మీ ఇంటికి రోజూ వచ్చే పాలవారినీ, పనివారినీ ఒక ప్రశ్న అడగండి. "మా బెల్లు ఎప్పుడైనా షాకు కొట్టిందా?"